హస్తవాసి అప్పగింత

పని మారితే మనిషి బాగుపడతాడని ఆ ఏడాది వేసవిలో ప్రభుత్వానికి తెలిసింది. నలభై దాటినా ఒకే కుర్చీలో కూర్చున్నవాడు నిలవనీరు లాంటివాడని, నిలవనీట్లో దోమలు తప్ప ఏమీ పుట్టవని ఒక పెద్దమనిషి ఏదో సభలో అన్నారట. చప్పట్లు కొట్టినవాళ్ళలో అధికారులు కూడా ఉన్నారు. మామూలు మనిషి చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. అధికారి అలా పోలేడు, ఒక కొత్త శాఖ పెడితే గాని అతనికి అన్నం సయించదు. అలా పుట్టింది మలిమజిలీ మిషన్. సగం వయసు ఒక పనిలో గడిపినవారిని మిగతా సగానికి వేరే పనిలోకి విజయవంతంగా మార్చడం దాని ధ్యేయం.

మిషన్ నియమాలు చాలా తేలిక. ఎక్కడా ఖాళీ ఏర్పడకూడదు. మీరు దర్జీగా మారాలనుకుంటే, మీ కుర్చీ మీద మోజున్న దర్జీని మీరే వెతికి తెచ్చుకోవాలి. బదిలీల్లో పంతుళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది. ‘మ్యూచువల్’ అంటారు. ఈ ఊరి మాస్టారు ఆ ఊరికి, ఆ ఊరి మాస్టారు ఈ ఊరికి. మిషన్ వారు ఊళ్ళు తీసేసి వృత్తులు పెట్టారు, అంతే. ఇక మార్పు తప్పనిసరిగా విజయవంతం కావాలి. ‘విఫలం’ అని రాయడానికి మిషన్ కాగితాల్లో చోటు పెట్టలేదు. చోటు లేనిచోట రాయడం క్రమశిక్షణకు విరుద్ధం గనుక అంతవరకు ఎవరూ విఫలం కాలేదు.

ఈ కబురు విని మనసారా సంతోషించినవాడు రాజులంకలో ఒక్కడే ఉన్నాడు. పేరు చిక్కాల త్రిమూర్తులు. రేవులు, బల్లకట్ల నిర్వహణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. గోదావరి పాయల మీద వంతెనలు పడ్డాక రేవులు పూడిపోయాయి, బల్లకట్లు చీకిపోయాయి. కార్యాలయం మాత్రం చెక్కుచెదరలేదు. లేని బల్లకట్లకు రంగులు వేయించే ఫైలు, రాని ప్రయాణికులకు నీడ కల్పించే ఫైలు చూసుకుంటూ త్రిమూర్తులు అందులో ఇరవై ఏళ్ళు దాటించాడు. ఎవరైనా అర్జీ పట్టుకుని వస్తే, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, ‘రేపు రండి’ అనేవాడు. అంత ఆప్యాయంగా ‘రేపు రండి’ అనగలిగినవాడు జిల్లాలో మరొకడు లేడు. వచ్చినవాడు పని కాకపోయినా తృప్తిగా వెళ్ళేవాడు.

ఇంతా చేసి అతని మనసు ఆ కుర్చీలో లేదు, గాడిపొయ్యి దగ్గర ఉండేది. పెళ్ళిళ్ళలో నేలను బారుగా తవ్వి, కట్టెలు పేర్చి, వరసగా గుండిగలు ఎక్కిస్తారే, ఆ పొయ్యి దగ్గర. అందరూ పెళ్ళికి వెళ్తే పందిట్లో కూర్చుంటారు. త్రిమూర్తులు తిన్నగా వంటపందిట్లోకి వెళ్ళి తువ్వాలు నడుముకు బిగించేవాడు. ముహూర్తాల రోజుల్లో సెలవు పెట్టి మరీ, వంట కామేశం గారి వెనకాల తెడ్డు పట్టుకు నిలబడేవాడు. పోపు చిటపటలు విని ఆవాలు ఎంతవరకు వేగాయో చెప్పేవాడు. కామేశం గారు సంభారాలకు బజారు వెళ్ళినప్పుడు పులుసు గుండిగ అతని చేతికే వదిలి వెళ్ళేవారు. ఆ కాసేపూ త్రిమూర్తులుకు తాను బతికి ఉన్నట్టు అనిపించేది.

మిషన్ సంగతి చెప్పేసరికి అతని భార్య సత్యవేణి బడి పిల్లల జవాబు పత్రాలు దిద్దుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంతకీ ఉద్యోగం వదిలేస్తానంటారు. అంతేనా?"

"వదిలెయ్యడం కాదే, మార్చుకోడం."

"ఆఫీసు నుంచి వచ్చినప్పుడు మీ మొహం చూస్తే ఎవరో పోయినట్టు ఉంటాదండి. పెళ్ళి వంట నుంచి వచ్చినప్పుడు ఒళ్ళంతా పొగకంపే గానీ, మొహం మట్టుకు పెళ్ళికొడుకులా ఉంటాది. పొగకంపు ఉతికితే పోద్ది. వెళ్ళండి."

అలా ఇంట్లో అనుమతి దొరికింది. ఇక దొరకాల్సింది మ్యూచువల్. త్రిమూర్తులు కామేశం గారిని అడగడానికి నాలుగు రోజులు జంకాడు. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో కామేశం గారి చేతివంట అంటే ఒక పేరు. ఆయన చెయ్యి పడితే గంజి కూడా పాయసమవుతుందని, అది ఆయన హస్తవాసి అని చెప్పుకునేవారు. అలాంటి మనిషి తెడ్డు దించుతాడా అని త్రిమూర్తులు అనుమానం. విషయం చెప్పగానే కామేశం గారు కళ్ళలో పడ్డ పొగను తువ్వాలుతో తుడుచుకుని, మెల్లగా అడిగారు.

"కుర్చీ ఇస్తారుటయ్యా?"

"ఇత్తారండి."

"వెనక్కి వాలడానికి వీపు ఉంటుందా దానికి?"

"ఉంటాదండి. చేతులు కూడా ఉంటాయి."

"పైన ఫ్యానూ?"

"ఉంటాదండి. కాత్త చప్పుడు చేత్తాదంతే."

"చెయ్యనీ నాయనా. ముప్ఫై ఏళ్ళు బాజాభజంత్రీల పక్కన పప్పు ఉడకేశాను. నాకు చప్పుడేమిటి!" అని కామేశం గారు తెడ్డు అక్కడే గుండిగ మీద అడ్డంగా పెట్టేశారు. "నడుం వంగిపోయిందయ్యా త్రిమూర్తులూ. కూర్చుని చెయ్యగలిగే పని ఈ జన్మలో దొరకదనుకున్నాను."

ఇద్దరూ కలిసి మిషన్ ప్రాంతీయ సంచాలకులు వైజయంతరావు గారి దగ్గరికి వెళ్ళారు. వైజయంతరావు గారు పూర్వాశ్రమంలో పశువైద్యులు. ఆయనతో మార్చుకున్న అధికారి ఇప్పుడు పశువుల ఆసుపత్రిలో ఉన్నారు. గేదెల నుంచి లిఖితపూర్వకంగా ఫిర్యాదులు రాలేదు కాబట్టి అదీ విజయవంతమే.

"సంతోషం," అన్నారు వైజయంతరావు గారు. "అయితే అప్పగింతలు సక్రమంగా జరగవలెను. వృత్తిని వదిలిపోవు వ్యక్తి ఆ వృత్తికి చెందిన సామగ్రిని తన వెంట కొనిపోరాదు. కామేశం గారూ, తమ వద్ద గల సామగ్రి ఏమిటి?"

కామేశం గారు గుండిగలు, గంగాళాలు, తెడ్లు, జల్లిగరిటెలు చెప్పారు. గాడిపొయ్యి ఏ పెళ్ళికి ఆ పెళ్ళికి కొత్తగా తవ్వుతారని, పెళ్ళయ్యాక పూడ్చేస్తారని చెప్పేసరికి దాన్ని స్థిరాస్తిగా రాయాలా, చరాస్తిగా రాయాలా అని కాసేపు చర్చ జరిగింది. చివరికి ‘అప్పుడప్పుడు ఉండు ఆస్తి’ అని రాశారు.

"ఇవన్నీ ఎవరి దగ్గరైనా ఉంటాయి కదా. ప్రజలు ప్రత్యేకించి తమ వద్దకే ఎందుకు వచ్చుచున్నారు?" అని అడిగారు వైజయంతరావు గారు.

"ఏదో... హస్తవాసి అంటారండీ."

"అది ఎక్కడ ఉండును?"

కామేశం గారు మొహమాటపడుతూ కుడిచెయ్యి చూపించారు. వైజయంతరావు గారు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశారు. పశువైద్యులుగా ఉన్నప్పటి అలవాటు కాబోలు, వేళ్ళు విడదీసి కూడా చూశారు.

"ఇదియే అసలు సామగ్రి! దీనిని వదిలి తెడ్లు రాసుకుంటే ఆడిట్ వారు ఊరుకుంటారా? రాయండి. హస్తవాసి, ఒకటి. మంచి స్థితిలో ఉన్నది." తరవాత త్రిమూర్తులు వైపు తిరిగారు. "పరస్పరం అన్నప్పుడు సరితూగునది మీరూ ఇవ్వవలెను. మీ వద్దకు ప్రజలు ఎందుకు వచ్చెదరు?"

త్రిమూర్తులు తల గోక్కున్నాడు. తోడుగా వచ్చిన తోటి గుమస్తా ఒకడు అందించిన మీదట, ‘రేపు రండి అను నేర్పు, ఒకటి’ అని రాయించారు.

మరునాడు మంచి గడియ చూసి అప్పగింత జరిగింది. కామేశం గారు తన కుడిచేతిని త్రిమూర్తులు కుడిచేతిలో పెట్టి ‘ఇచ్చితిని’ అన్నారు. త్రిమూర్తులు ‘పుచ్చుకొంటిని’ అన్నాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. ఫొటో తీసేవాడు మళ్ళీ ఒకసారి ఇమ్మన్నాడు గాని, రెండోసారి ఇవ్వడానికి కామేశం గారి దగ్గర ఇక హస్తవాసి లేదని వైజయంతరావు గారు ఒప్పుకోలేదు.

వెళ్ళేముందు ఆయన త్రిమూర్తులుకు మరో మాట చెప్పారు. "ఒక పెళ్ళి వంటను కమిటీ సమక్షంలో వండి, విజయపత్రము పొందవలెను. అది రానిచో మీకు పొయ్యిపై హక్కు ఉండదు. కుర్చీలో ఎలాగూ కామేశం గారు ఉన్నారు."

అంటే రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట. త్రిమూర్తులుకు అది అర్థమైంది. అయినా అతనికి భయం వేయలేదు. పొయ్యి దగ్గర అతనికి ఎప్పుడూ భయం వేయలేదు.

కామేశం గారు ఆఫీసులో చేరిన వారానికే అందరినీ ఆశ్చర్యపరిచారు. మొదటి ఫైలు చేతిలో పెట్టగానే ఆయన దాన్ని విప్పకుండా బల్ల మీద ఒక పక్కన పెట్టారు. సూపరింటెండెంటు ఎందుకని అడిగితే, "నానాలండీ. పప్పు నానకుండా రుబ్బితే గారె వస్తుందా?" అన్నారు. రెండో వారం కూడా నాననిచ్చారు. మూడో వారం అర్జీదారుడు విసిగి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. సూపరింటెండెంటు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్నో ఏళ్ళ అనుభవంతో గాని పట్టుబడని విద్య అది. అర్జీదారులకు ఆయన ‘రేపు రండి’ అనరు. ‘కూర్చోండి, వడ్డించేస్తాను’ అంటారు. ఆ మాట విన్నవాళ్ళు సాయంత్రం దాకా కూర్చునేవారు. కామేశం గారి మార్పు విజయవంతమని మిషన్ వారు పత్రికల్లో వేయించారు.

ఇటు త్రిమూర్తులు పరీక్ష కూడా వచ్చింది. రాజులంకలో ఒక బియ్యం మిల్లు వారింట పెళ్ళి. కమిటీలో వైజయంతరావు గారితో పాటు ఒక మాజీ ఈత శిక్షకుడు, ఒక మాజీ హార్మోనిస్టు ఉన్నారు. వంట తెలిసినవారు కమిటీలో ఉంటే పక్షపాతం చూపుతారని, తెలియనివారినే ఏరి వేశారు.

ఆ రోజు త్రిమూర్తులు వంట చేసిన తీరు చూడాలి. పనసపొట్టును చేత్తో నలిపి చూసి ఉడుకు కనిపెట్టాడు. ఆవ ఎప్పుడు కలిపితే ఘాటు నిలుస్తుందో అప్పుడే కలిపాడు. కంద బచ్చలి కూర దించుతున్నప్పుడు వాసనకు పందిట్లో మేళగాళ్ళు ఒక కీర్తన త్వరగా ముగించారు. ముక్కల పులుసులో గుమ్మడి చెదరకుండా, ములక్కాడ గట్టిపడకుండా, ఏ ముక్కను ఏ వేళకు వేయాలో ఆ వేళకు వేశాడు. గుండిగ దించబోయే ముందు మాత్రమే బెల్లం వేశాడు. పెళ్ళివారు రెండోసారి, మూడోసారి అడిగి వడ్డించుకున్నారు. కమిటీ వారు విస్తరి మీద నుంచి తల ఎత్తలేదు. త్రిమూర్తులు స్తంభానికి ఆనుకుని వాళ్ళు తినడం చూశాడు. ఇంత సంతోషం ఇన్నాళ్ళూ ఎవరో తనకు రాకుండా ఆపి ఉంచినట్టు అనిపించి, అతనికి కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

అంతా బాగానే ఉండేది, గంగరాజు గారు నోరు తెరవకపోతే. ఆ ప్రాంతంలో ఎవరింట పెళ్ళయినా మొదటి పంక్తిలో మొదటి విస్తరి ఆయనది. పెళ్ళికొడుకు ఎవరో ఆయనకు గుర్తుండదు గాని, ఏ పెళ్ళిలో ఏ కూర చేశారో చెబుతారు. పులుసు అరచేతిలో వేసుకుని జుర్రి, పక్కనే కూర్చున్న వైజయంతరావు గారితో అన్నారు.

"ఇది కామేశం చెయ్యి కాదండి బాబూ. కామేశం పులుసులో బెల్లం ముందు తగులుద్ది. ఈ అబ్బాయిది మింగాకా తగులుతుందండి. ఇదో రకం అమృతం!"

వైజయంతరావు గారి చేతిలో బూరె సగంలో ఆగింది.

మూడో రోజున త్రిమూర్తులుకు మెమో వచ్చింది. ‘మీచే వండబడిన పులుసు మిక్కిలి రుచికరముగా నున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. ఇందుకుగాను మీపై తగు చర్య ఏల గైకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలసినది’ అని అందులో ఉంది.

పరుగున వెళ్ళాడు త్రిమూర్తులు. వైజయంతరావు గారు అతన్ని కూర్చోమనలేదు.

"మీరు పుచ్చుకున్న హస్తవాసిలో బెల్లం ముందు తగులును. మీ వద్ద పట్టుబడిన దానిలో బెల్లం చివర తగులుచున్నది. అనగా ఇది అది కాదు. అయితే అది ఏమైనది? ఇది ఎక్కడిది?"

"ఇది నాదేనండి. చిన్నప్పటి నుంచీ కాత్త ఇష్టం. సెలవు పెట్టి నేర్చుకున్నానండి."

"నేర్చుకున్నారా! ప్రభుత్వోద్యోగంలో ఉండగా, పైఅధికారుల అనుమతి లేకుండా?" వైజయంతరావు గారు కుర్చీలో వెనక్కి జారారు. "ఆదాయానికి మించిన ఆస్తిని మేము అర్థం చేసుకోగలం త్రిమూర్తులు గారూ. అది మానవ సహజం. హోదాకు మించిన నైపుణ్యం కూడబెట్టుట మాత్రం ఇంతవరకు మా దృష్టికి రాలేదు."

ముందుగా పాత హస్తవాసి ఎక్కడుందో తేల్చడానికి కమిటీ కామేశం గారిని పిలిపించింది. మిషన్ వరండాలో పొయ్యి పెట్టించి, రవ్వ ఇచ్చి ఉప్మా చేయమన్నారు. ఉప్మా బాగుంటే హస్తవాసి ఆయన దగ్గరే ఉండిపోయినట్టు. అప్పుడు అప్పగింత చెల్లదు, కుర్చీ పోతుంది. ఈ సంగతి కామేశం గారికి తెలుసు. ఆయన ఎసరు మరగకుండానే రవ్వ కుమ్మరించారు. ఉప్పు మరిచిపోయారు. చేసింది గరిటెకు అంటుకుని దిగనంది. కమిటీ వారు తలా ఒక ఉండ నోట్లో పెట్టుకుని, సంతృప్తిగా ఊసేశారు. హస్తవాసి కామేశం గారి నుంచి బయలుదేరిన మాట నిజమని, త్రిమూర్తులుకు చేరకుండా మార్గమధ్యంలో గల్లంతైందని తీర్మానించారు.

బయట మెట్ల మీద కామేశం గారు త్రిమూర్తులు భుజం పట్టుకున్నారు.

"ఉండ కట్టించడానికి ఎంత అవస్థ పడ్డానో నీకు తెలియదయ్యా. చెయ్యి దానంతటది కలిపేస్తోంది. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకున్నాను."

ఇక మిగిలింది త్రిమూర్తులు వ్యవహారం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. వైజయంతరావు గారు మాత్రం మానవతా దృక్పథంతో రెండు వరాలు ముందు పెట్టి కోరుకోమన్నారు. అతను తన అక్రమ హస్తవాసిని ప్రభుత్వానికి అప్పగించవచ్చు. అప్పగించినట్టు రుజువుగా కమిటీ ముందు ఒక ఉప్మా చెడగొట్టాలి. అప్పుడు రేవుల కార్యాలయంలో అతనికీ మరో కుర్చీ వేస్తారు, పింఛనుకు ఢోకా ఉండదు. ఎక్కడా ఖాళీ ఉండకూడదని నియమం ఉంది గాని, ఎక్కువ ఉండకూడదని లేదు. అయితే మళ్ళీ తెడ్డు ముట్టకూడదు.

"ఉప్మా చెడనిచో?" అని అడిగాడు త్రిమూర్తులు, తానూ ఆ భాషలోకి జారిపోయి.

"చెడనిచో మీరు మొదటి నుంచీ వంటవారే, పొయ్యికి విజయపత్రముతో పని లేదు. వంటవారు వంటవారగుట మార్పు కానేరదు. పైగా ఒక వంటవారు ఇరవై ఏళ్ళు రేవుల కార్యాలయంలో కూర్చొనుట అక్రమం. దానిని మొదటి నుంచీ రద్దు చేయవలెను. ఆ కార్యాలయంలో మీరు ఏనాడూ పనిచేయలేదని రాసి ఇవ్వవలెను. పని చేయనివారికి పింఛను ఉండదు కదా."

ఆ సాయంత్రం త్రిమూర్తులు ఇంట్లో చెడగొట్టడం సాధన చేశాడు. మొదటి ఉప్మాలో నీళ్ళు ఎక్కువ పోశాడు. సత్యవేణి రుచి చూసి, జారుగా బాగుందంది. రెండోది మాడ్చబోయాడు. అడుగు ఎర్రగా వేగి, పిల్లలున్న ఇంట్లో అయితే దానికోసం కొట్టుకునేలా తయారైంది. మూడోసారికి గరిటె పారేసి గడప మీద కూర్చున్నాడు.

"ఇంత వయసొచ్చి చెయ్యి చెడగొట్టుకోవాలా వేణీ? అలాగని పింఛను వదులుకుంటే రేపు ముసలితనంలో నీకేం పెడతాను?"

సత్యవేణి అతని పక్కన కూర్చుని ఆ మాడిన ఉప్మానే పళ్ళెంలో పెట్టుకు తింటోంది.

"నా జీతం ఉంది, మీ చెయ్యి ఉంది. ముసలితనంలో ఏం పెడతారంటే, ఇదిగో, ఇదే పెట్టండి. రేపు మీ చెయ్యి ఎటు పోతే అటు పోనీండి. పట్టుకుని ఆపకండి."

మర్నాడు వరండాలో పొయ్యి ముందు నిలబడ్డప్పుడు త్రిమూర్తులు చెడగొట్టాలనే వచ్చాడు. ఈ మాట దాచి లాభం లేదు. పింఛను అంటే మాటలా? స్తంభం చాటు నుంచి కామేశం గారు ఎసరు మరగకుండానే వేసెయ్యమని సైగ చేస్తున్నారు. త్రిమూర్తులు అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించాడు. నీళ్ళు పోశాడు. రవ్వ పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడే కుమ్మరించాలి. కుమ్మరిస్తే కుర్చీ.

నీళ్ళు ఇంకా మరగలేదు. కళ్ళు మూసుకుని పళ్ళెం వంచబోయాడు, చెయ్యి వంగలేదు. అది ఎసరు కోసం ఎదురు చూస్తోంది. నీళ్ళు తెర్లడం వినపడ్డాక దానంతటదే కదిలి, రవ్వను సన్నని ధారగా జారవిడిచింది. రెండో చెయ్యి కలుపుతూ పోయింది. త్రిమూర్తులు కళ్ళు తెరిచి చూసేసరికి ఉప్మా పువ్వులా విచ్చుకుని ఉంది. అతను దాన్ని చూసి, ఇక చేసేదేమీ లేదని, పైన కాస్త నెయ్యి కూడా వేశాడు.

కమిటీ వారు పళ్ళేలు దగ్గరికి లాక్కుని తిన్నారు. మాజీ హార్మోనిస్టు మారు అడిగి పెట్టించుకున్నారు. వైజయంతరావు గారు పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గంభీరంగా అన్నారు.

"చాలా విచారకరం."

రేవుల కార్యాలయంలో త్రిమూర్తులు పాత బల్ల మీదే కాగితం పెట్టారు. ‘ఈ కార్యాలయమునందు నేను ఏ కాలమునందును పనిచేసియుండలేదు’ అని ఉంది. సూపరింటెండెంటు అద్దాలు సరిచేసుకుని చదివి, "దీనికింత బాధెందుకయ్యా? దీని మీద మేమందరం సంతకం పెట్టగలం," అని ఓదార్చారు. త్రిమూర్తులు నవ్వలేకపోయాడు. ఆ కుర్చీ చేతి మీద రంగు అతని మోచెయ్యి ఒరిపిడికే పోయింది. తన పెళ్ళి శుభలేఖలు ఈ బల్ల దగ్గరే పంచాడు, అమ్మ పోయిన కబురు ఇక్కడ కూర్చునే విన్నాడు. ఇరవై చిల్లర ఏళ్ళ బతుకు ఒక్క గీతతో పోవడం అతనికి కష్టంగానే తోచింది. అయినా సంతకం పెట్టాడు. చెయ్యి తడబడలేదు.

మిషన్ వార్షిక నివేదికలో వంట కామేశం గారి ఫొటో వేశారు. త్రిమూర్తులు పేరు ఎక్కడా లేదు. అతని జీవితంలో మార్పేమీ జరగలేదు కదా.

మాఘమాసం ముహూర్తాలకు త్రిమూర్తులుకు ఊపిరి సలపలేదు. ఒక పెళ్ళికి వైజయంతరావు గారు కూడా వచ్చారు. మొదటి పంక్తిలో గంగరాజు గారి పక్కనే కూర్చుని, కంద బచ్చలి రెండుసార్లు, పనసపొట్టు మూడుసార్లు వేయించుకున్నారు. వంటవాణ్ణి పిలిపించి, తువ్వాలు కట్టుకుని మసి మొహంతో వచ్చిన మనిషిని ఎగాదిగా చూశారు.

"అద్భుతం! ఇదివరకు తమరు ఎక్కడ చేసేవారు?"

"ఎక్కడా లేదండి," అన్నాడు త్రిమూర్తులు.

వైజయంతరావు గారు తృప్తిగా తల ఊపి, పులుసు ఇంకా రాలేదేమని అడిగారు.

పులుసు పొయ్యి మీదే ఉంది. త్రిమూర్తులు వెనక్కి వచ్చేసరికి గుండిగ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కామేశం గారు. పెళ్ళికి పిలిస్తే వచ్చారట. పందిట్లో కుర్చీలు బోలెడు ఉన్నాయి, వీపులు ఉన్నవే. ఆయన మాత్రం ఆవిరికి మొహం అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"ఒక్కసారి కలపనా?" అని అడిగారు, పిల్లవాడు అడిగినట్టు.

త్రిమూర్తులు తెడ్డు ఇచ్చాడు. కామేశం గారు చొక్కా చేతులు పైకి మడిచి, రెండు తిప్పులు తిప్పారు. పక్కన పళ్ళెంలో ఉన్న బెల్లం చిదిపి చిటికెలో వేసేశారు. అది త్రిమూర్తులు బెల్లం వేసే వేళ కాదు, కామేశం గారు ఎప్పుడూ వేసే వేళ. వేశాక ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, తెడ్డు వెనక్కి ఇచ్చేశారు.

"ఆఫీసులో చెప్పకయ్యా," అన్నారు గొంతు తగ్గించి. "అది ఇంకా నా దగ్గరే ఉందని తెలిస్తే కుర్చీ తీసేస్తారు."

"చెప్పనండి," అన్నాడు త్రిమూర్తులు. ఆయన చేతికి అంటిన బెల్లం తన తువ్వాలుతో తుడిచాడు. తరవాత గుండిగ దించే ముందు, ఎప్పటిలాగే తానూ కొంచెం బెల్లం వేశాడు.

పంక్తిలో గంగరాజు గారు పులుసు అరచేతిలో వేసుకుని జుర్రారు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు.

"ఇదేంటండోయ్! ఇయ్యాళ బెల్లం ముందూ తగిలింది, మింగాకా తగిలింది," అని మళ్ళీ చెయ్యి పట్టారు.